దర్జీ మాట్లాడని సీను

సినిమాని ఒకటిన్నర స్పీడులో చూసే మనిషిని మొదటిసారి మా ఇంటి బేస్‌మెంటులోనే చూశాను. అదీ నా సినిమాని. నా సినిమా అంటే నేను తీసింది కాదు. మా అమ్మ పుట్టకముందు ఫ్రాన్సులో ఎవరో తీసిన నలుపు తెలుపు సినిమా. నేను హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం ఫ్రెంచి క్లాసులో గోడకి దుప్పటి కట్టి చూపించారు. అప్పటినుంచీ అది నాదేనని నా నమ్మకం. దాన్ని ఈ పిల్ల సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని పరిగెత్తించేస్తోంది. మాటలు లేని చోటల్లా బాణం బటన్ నొక్కి ముందుకు దూకుతోంది.

"అదెందుకు దాటేశావు?" అన్నాను.

"అక్కడ డైలాగుల్లేవు గదా ఆంటీ. టైమ్ వేస్టు."

నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ పిల్ల మా ఆయన స్నేహితుడి మేనకోడలు. మా బేస్‌మెంటులోనే అద్దెకుంటోంది. హనుమకొండ అమ్మాయి. విమానాలకి విమానాలు విద్యార్థులే దిగుతున్న ఆ ఏళ్లలో కెనడా వచ్చి, ఓ ప్లాజాలో పిజ్జా షాపు మీదున్న కాలేజీలో డిప్లొమా చేసింది. ఆ తర్వాత వర్క్ పర్మిట్ మీద మార్కమ్‌లో ఒక గోడౌన్‌లో పార్సిళ్లు స్కాన్ చేస్తూ పీఆర్ కోసం, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి కోసం, ఎదురుచూస్తోంది. ఈమె స్కోరు పెరిగిన కొద్దీ అక్కడ కటాఫ్ పెరుగుతుంది. ఆ దిక్కుమాలిన వెబ్‌సైటు చూసి చూసి నాకే బీపీ వచ్చేది. ఇంతలో ఎవరో చెప్పారు, ఫ్రెంచి వస్తే తక్కువ స్కోరుకే పిలుస్తారని. ఇంకేముంది, మా చుట్టుపక్కల తెలుగువాళ్ల బేస్‌మెంట్లన్నిట్లోనూ ఒకటే ఫ్రెంచి ఘోష. మొన్నటిదాకా ఐఈఎల్‌టీఎస్ అన్న నోళ్లే ఇప్పుడు ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టాయి.

"ఆంటీ, మీకు ఫ్రెంచ్ వస్తదంట గదా," అంటూ ఒక ఆదివారం పైకొచ్చింది. నేను పెసరట్టు పోస్తున్నాను. ఎవరైనా నన్ను ఫ్రెంచి గురించి అడిగి ఎన్నేళ్లయిందో! ఉబ్బిపోయి, వస్తుంది, నేర్పిస్తానన్నాను. కోరి తెచ్చుకున్న తలనొప్పంటే అదే.

దాని పర్మిట్ వేసవి మొదట్లో అయిపోతుంది. ఆ లోపల పరీక్ష గట్టెక్కితే ఇక్కడ ఉంటుంది. లేకపోతే సూట్‌కేసు సర్దుకోవాలి. చదవడం, రాయడం, వినడం ఎలాగోలా లాక్కొచ్చింది. భయమంతా మాట్లాడే పరీక్ష గురించే. అందులో ఎదురుగా ఒక మనిషి స్నేహితుడిలా నటిస్తూ కూర్చుంటాడు. అతన్ని ఏదో ఒకదానికి ఒప్పించాలి.

"ఏం బట్టీ కొట్టాల్నో చెప్పండి ఆంటీ, కొట్టేస్తా," అంది.

భాషని బట్టీ కొట్టరే తల్లీ, ముందు చెవికి అలవాటు చేసుకోవాలి అని చెప్పి నా సినిమా పెట్టాను. మా అమ్మాయి చిన్నప్పటినుంచీ స్కూల్లో ఫ్రెంచి ఇమ్మర్షనే, పాఠాలన్నీ ఫ్రెంచిలోనే కదా, అక్కకి కాస్త సాయం చెయ్యవే అంటే, తలుపు సందులోంచి తొంగిచూసి, "మామ్, నోబడీ టాక్స్ లైక్ దట్ ఎనీమోర్," అని తలుపేసుకుంది. దాని చదువుకి మేం పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి ఇంకాస్త మండింది.

ఆ సినిమాలో కథంటూ పెద్దగా లేదు. సముద్రం పక్కన చిన్న ఊరు. ఒక లావుపాటి దర్జీ. ఊళ్లో ఒక కుర్రాడు పెళ్లికోటు కుట్టమని గుడ్డ ఇస్తాడు. ఇక ఊరు ఊరంతా ఆ కోటు మీద పడుతుంది. కాలరు గురించి ఒకడు, గుండీల గురించి ఒకడు సలహా ఇచ్చిపోతుంటారు. కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా కుర్రాడు కాస్త సన్నబడుతుంటాడు. దర్జీ విప్పుతాడు, తిట్టుకుంటాడు, మళ్లీ కుడతాడు. క్లాసులో నవ్వలేక చచ్చాం. చివరికి పెళ్లిరోజు పొద్దున తెలుస్తుంది, ఆ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి పోయాడని. అప్పుడు దర్జీ షాపులో కూర్చుంటాడు, కోటు ఒళ్లో పెట్టుకుని. అంతే. చాలాసేపు ఒక్క మాట ఉండదు. ఆఖర్న భార్య వచ్చి, అన్నం తింటావా అని అడుగుతుంది.

ఈ పిల్ల దూకేసింది సరిగ్గా ఆ సీనునే.

లాప్‌టాప్ లాక్కున్నంత పని చేశాను. ఆ సీను వెనక కథ చెప్పాను. మాకు ఫ్రెంచి చెప్పిన మేడమ్ చెప్పిన కథది. ఎంత నిజమో నాకు తెలియదు. రచయిత ఆ సీనుకి రెండు పేజీల మాటలు రాశాడట. దర్జీ వేషం వేసినాయన నాటకాల్లో హాస్యగాడు, ఆ రెండు పేజీలూ పొల్లుపోకుండా నోటికి పట్టుకొచ్చాడట. కెమెరా తిరగడం మొదలయ్యాక కూర్చున్నాడు, నోరు విప్పలేదు. డైరెక్టరు కట్ చెప్పలేదు. కెమెరామన్ రీలు అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాడు. రచయితకి తిక్కరేగి, డైరెక్టరుతో జన్మలో మళ్లీ మాట్లాడలేదట. కానీ ఇప్పటికీ ఆ సినిమా చూసినవాళ్లు చెప్పుకునేది ఆ సీను గురించే.

చెప్పడం అయ్యాక దాని మొహంలోకి చూశాను.

"రెండు పేజీలు బట్టీ కొట్టి కూడ చెప్పలేదా?" అంది. "పిచ్చోడా ఆంటీ ఆయన?"

మా ఆయన మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. "నువ్వు దానికి ఫ్రెంచి చెప్తున్నావా, సినిమాకి భక్తుల్ని తయారుచేస్తున్నావా?" అన్నాడు. ఇద్దరికిద్దరూ తోడుదొంగలు.

ఆ తర్వాత అది తన దారినే పోయింది. నేను కబుర్లాడదాం రమ్మంటే స్క్రిప్టు రాసిమ్మంటుంది. స్నేహితుణ్ని స్కీయింగుకి ఒప్పించడానికో స్క్రిప్టు, వంటల క్లాసుకో స్క్రిప్టు, కుక్కని పెంచుకొమ్మనడానికో స్క్రిప్టు. చలి అంటే ఈ జవాబు, ఖర్చు అంటే ఈ జవాబు, భయం అంటే ఈ జవాబు. గోడౌన్‌కి బస్సులో వెళ్తూ చదివేది, గిన్నెలు కడుగుతూ చదివేది. నేను మధ్యలో అడ్డదిడ్డంగా ఒక ప్రశ్న వేస్తే, "ఆంటీ, అది రాదు, అది సిలబస్‌ల లేదు," అనేది. సిలబస్సట! మనుషులు మాట్లాడుకోవడానికి సిలబస్సేమిటి? అరిచాను, బతిమాలాను, చివరికి నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే, అది అంత కష్టపడుతుంటే ముచ్చటేసేది కూడా. అందుకే ఇంకా చిరాకేసేది.

పరీక్ష రోజు నేనే కారులో తీసుకెళ్లాను. మంచు కరిగి రోడ్లన్నీ బురదబురదగా ఉన్నాయి. పార్కింగులో కూర్చుని ఫ్లాస్కులో టీ అయ్యేదాకా ఎదురుచూశాను. వచ్చి కారెక్కి, సీటు బెల్టు పెట్టుకుని, ముందు అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

"స్కీయింగే వచ్చింది ఆంటీ."

"మరింకేం! అది నీకు నిద్రలో కూడా వచ్చుగా."

"మంచిగనే షురూ చేసిన. చలి అన్నడు, చెప్పిన. పైసలు అన్నడు, చెప్పిన. తర్వాత, మా అమ్మకి పానం బాగలేదు, నేను రాలేను అన్నడు."

"ఊఁ, అప్పుడేమన్నావు?"

"ఏమంట ఆంటీ? ఉత్త నాటకమే అని తెలుసు. కానీ అమ్మకి బాగలేదు అంటే, ఆమెను ఇడిసిపెట్టి మంచుల ఆడుకుందాం రా అని ఎట్లంట? నోట్లకెళ్లి మాట రాలే. ఆయన చూస్తనే ఉన్నడు. నేను కూసునే ఉన్న. టైమ్ అయిపోయింది." బెల్టు సర్దుకుంటూ అంది, "మీ దర్జీ లెక్కనే కూసున్న. కానీ నన్నెవరు సినిమా తియ్యలే గదా."

స్టీరింగ్ మీద తల వాల్చాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓసి పిచ్చిదానా, అమ్మకి ఎలా ఉందని అడగొచ్చు కదే, అదీ ఫ్రెంచే కదా, అంతమాత్రం తట్టలేదా? నాకా కోపం ఎవరి మీదో తెలియలేదు. దీని మీదా, అమ్మ జబ్బుని అబద్ధానికి వాడుకున్న ఆ పెద్దమనిషి మీదా, లేక ఒకే మౌనానికి ఒకచోట దండలు వేసి ఇంకొకచోట సున్నా చుట్టే లోకం మీదా?

ఫలితం అందరం అనుకున్నట్టే వచ్చింది. మాట్లాడే పరీక్షలోనే తప్పింది. మళ్లీ రాద్దామంటే దగ్గర్లో ఎక్కడా సీటు లేదు. నేను ఆఫీసు పని పక్కనపెట్టి రోజంతా ఆ పేజీ రిఫ్రెష్ కొట్టాను. నాలుగు గంటల దూరంలో కనాటా దగ్గర ఖాళీ ఉందని ఎవరో చెప్తే కార్డు తీసేలోపు అదీ పోయింది. పర్మిట్ అయిపోయింది. సూట్‌కేసులో దోసెల పెనం పట్టక తిప్పలు పడుతుంటే, ఇక్కడే వదిలెయ్యవే అని అరిచాను. వదిలేసింది. ఎయిర్‌పోర్టులో కాళ్లకి దండం పెట్టబోతే భుజాలు పట్టుకుని లేపాను. నా నోట్లోంచీ మాట రాలేదు.

పోయిన ఆదివారం పొద్దున ఆ పెనం మీదే అట్లు పోసుకుని, కిందికెళ్లి, అది కూర్చునే సోఫాలో కూర్చుని నా సినిమా పెట్టుకున్నాను. గుండీల గొడవకి మామూలుగానే నవ్వాను. రైలు వెళ్లిపోయింది. దర్జీ కోటు ఒళ్లోకి తీసుకున్నాడు. నా వల్ల కాలేదు. బాణం బటన్ నొక్కి దాటేశాను.

సినిమా అయ్యీ అవగానే హనుమకొండ నుంచి ఫోను, అక్కడ అప్పటికి రాత్రి. అక్కడేదో కాల్‌సెంటర్లో ఫ్రెంచి వచ్చినవాళ్లు కావాలన్నారట, ఇంటర్వ్యూకి వెళ్తోందట. అంతా చెప్పి, చివర్లో అంది, "ఆంటీ, మీ సినిమా మళ్లీ చూసిన. నార్మల్ స్పీడ్‌లనే. ఆ సీను మొత్తం చూసిన, దాటెయ్యలే. అన్నిసార్లు మీరెట్ల చూసిన్రో ఏమో!"

"ఊఁ," అన్నాను. "అన్నం తిన్నావా?"