ఖాళీ ఆకాశం వైపు తిప్పని నలభై నిమిషాలు

"మర్చిపోయానని రాసిస్తే నీ తలకాయేమైనా తెగిపడుతుందా?" వంటింట్లోంచి అక్క గొంతు హాల్లో ఉన్న నాదాకా వచ్చింది.

"మర్చిపోలేదు కదే," అన్నాడు బావ.

"ఆహా! పదహారేళ్లు ఆకాశం చూసీ చూసీ నేలమీద బతకడమే మర్చిపోయావు!"

బావ పెద్ద టెలిస్కోప్ ఆపరేటర్. పరిశోధకులు చెప్పిన చోటికి దాన్ని తిప్పుతాడు. పాలపుంత నడిబొడ్డున ఒక మహా కృష్ణబిలం ఉంది. అది కనబడదు. దాని అంచున తిరిగే వేడి పదార్థం మాత్రం అప్పుడప్పుడు ఓ గంటసేపు భగ్గుమంటుంది. ఆ మెరుపు కంటికి ఆనదు, పరారుణ కాంతిలో దొరుకుతుంది. చిక్కేమిటంటే ఆ కాంతిలో ఆకాశం కూడా వెలుగుతూనే ఉంటుంది. అందుకని కొన్ని నిమిషాలకోసారి టెలిస్కోప్‌ని పక్కనున్న ఖాళీ చోటికి తిప్పి, ఆకాశం వెలుగెంతో కొలిచి, లెక్కలోంచి తీసెయ్యాలి. బావ ఉద్యోగంలో సగం ఏమీలేని చోటుని చూడటమే.

అలా అటు తిరిగి ఉన్నప్పుడే రెండుసార్లు మెరుపులు చేజారాయి. ఆ కసి బావ లోపల ఉండిపోయింది. పోయినవారం తెరమీద ఆ కృష్ణబిలం ఉన్నచోట చుక్క ఉబ్బడం మొదలెట్టింది. అంత వెలుగు తనెప్పుడూ చూడలేదట. తిప్పే వేళ దాటింది. బావ తిప్పలేదు. నలభై నిమిషాలు!

ఇప్పుడా మెరుపు ఎందుకూ పనికిరాదు. అందులో దాని వెలుగెంతో, ఆకాశానిదెంతో తేల్చలేరు. "ఆ టైంలో అటు చూస్తున్నది మీరొక్కరేనండీ. మీరే పాడుచేశారు," అని పరిశోధకురాలు మొహంమీదే అనేసింది.

మర్చిపోయానని రాసిస్తే మందలింపుతో వదిలేస్తారు. కావాలనే చేశానంటే ఉద్యోగం ఊడుతుంది. ఈ వయసులో, ఈ ఒక్క పనే వచ్చిన మనిషిని ఎవడు పెట్టుకుంటాడు? అక్కది తప్పనను. కానీ రాసిమ్మని అడిగిన ఆఫీసువాళ్లకి కూడా అది అబద్ధమని తెలుసు. కాగితం శుభ్రంగా ఉంటే చాలు వాళ్లకి. ఒళ్లు మండింది నాకు, అయినా ఉద్యోగం నిలబడాలిగా.

"రాసిచ్చెయ్ బావా, పీడా పోతుంది," అన్నాను, అతను హాల్లోకి రాగానే.

"డిగ్రీ సగంలో పారేసిన మా తమ్ముడే నయం, వాడికున్న బుద్ధి నీకు లేదు!" లోపల్నుంచి అక్క.

బావ నవ్వలేదు. లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మర్చిపోయానని అక్క టైపు చేసిన ఉత్తరం తెరిచి ఉంది.

"తప్పు చేశాను, కాదనను. కానీ మర్చిపోయానంటే ఆ మెరుపుని చూసినవాడే లేకుండా పోతాడ్రా. నా వేళ్లు మొరాయిస్తున్నాయి. ఆ ముక్క తీసేసి, చూస్తూ ఉండిపోయానని నువ్వు టైపు కొట్టిపెట్టు."