మార్తమ్మగారి గొయ్యి

మొన్న తాడేపల్లిగూడెంలో ఎవరో లారీ కడుగుతుంటే, వేడి ఇనుము మీద నీళ్ళు పడ్డ వాసనకు తడిసిన నల్లబురద వాసన తోడై నా ముక్కుకు తగిలింది. మార్తమ్మగారు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

పంతొమ్మిది వందల ముప్పైలలో నేను ఏలూరులో ఒక బస్సు షెడ్డుకు మేస్త్రీని. బస్సు కడగడానికి ఒక వరుస ఉండేది. వాలు మీద బండిని మెల్లగా తోస్తుంటే మొదటివాళ్ళు నీళ్ళు కొట్టేవారు, తరువాతివాళ్ళు కుంకుడు రసంతో రుద్దేవారు. చివర గోతిలో నిలబడి, పైనుంచి సాగే బండి అడుగును మార్తమ్మగారు కడిగేది. బండి ఆవిడ దాకా వచ్చేసరికి, కొల్లేటి దారుల్లో అంటిన బురద ఎండి రాయయ్యేది. అడుగు ముందు కడుగుదామని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో! తలస్నానం పాదాల నుంచి మొదలెడతారా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. చేతిలో పెత్తనం ఉన్నవాడికి తెలివి కూడా ఉందనుకునే వయసు.

రైలు దిగే జనానికి బస్సులు అందడం లేదని యజమాని గారు కేకలేశారు. నేను సులువైన దారి వెతికాను. పైన మెరిస్తే చాలు, అడుగు మానేయమన్నాను. ఆవిడ వద్దంది. నేను వినలేదు. నాలుగో రోజున దెందులూరు దగ్గర బ్రేకు కడ్డీలు బురదకు బిగుసుకుపోయి, బ్రేకు పడక బస్సు గడ్డివామిలో దూరి ఆగింది. గడ్డివామి ఉండబట్టి సరిపోయింది.

అడుగు కడగాల్సిందెవరని యజమాని గారు అడిగారు.

"నేనేనండీ. కడగలేదండీ," అంది మార్తమ్మగారు.

ఇక పనిలోకి రావద్దన్నారాయన. ఆవిడ నా వంక చూసింది. ఆవిడ కొంగు దులుపుకుని గేటు దాకా వెళ్ళాక గాని నా నోరు పెగల్లేదు.

"నేనే మానేయమన్నానండీ," అన్నాను.

యజమాని గారు నన్ను తిట్టిన తిట్లు చిన్నవి కావు. ఆవిడే వెనక్కొచ్చి అడ్డుపడి, కడిగే వరుస మార్చి చూపిస్తానని ఒక్క రోజు గడువడిగింది. మరునాడు నీళ్ళ తొట్లన్నీ గోతికి అవతలకి మార్పించింది. బండి ముందు గోతి మీదికే వచ్చింది. తడి బురద చెంబెడు నీళ్ళకే జారిపోయింది. రైలు కూత వినబడేసరికి బస్సు సిద్ధంగా ఉంది.

"తొందర పడాల్సింది బురద ఎండక ముందండీ, మేస్త్రీగారూ," అంది చేతులు కడుక్కుంటూ.

గేటు సంగతి ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మొన్న ఆ లారీ కిందికి వంగి చూస్తే డ్రైవరు నవ్వాడు. నవ్వనీ. ఆవిడ గేటు దాకా నడిచినంతసేపు నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ నడక నేనింకా చూస్తూనే ఉన్నాను.