తౌనో దాచిన దెబ్బ

హిల్కాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కాఫీ కూడా నిలబడే తాగుతుంది. ఉత్తర ఫిన్లండ్‌లోని ఒక ఆస్పత్రిలో రోగుల రక్తం తీయడం ఆమె పని. ఏళ్ల తరబడి సూదులు గుచ్చీ గుచ్చీ, ఎవరి నరం ఎక్కడ దాక్కుంటుందో ఇట్టే పట్టేస్తుంది. మనుషులు దాచేవి మాత్రం అంత తేలిగ్గా దొరకవు.

ఈ వారం ఆమె కాలు అసలు నిలవడం లేదు. దానికి కారణం తౌనో అనే రోగి. ఇంట్లో ఆవిరి స్నానం చేసే సౌనా గది కప్పు మీద పేరుకున్న మంచు తోయబోయి జారిపడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. వెన్నుపాము దెబ్బతింటే అందులోని ఒక ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది. ఎంత ఎక్కువ కారితే అంత పెద్ద దెబ్బని లెక్క. తౌనో రక్తంలో అది విపరీతంగా ఉంది. నడక మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ మెల్లగా చెప్పేసింది.

నిన్న దిండు సర్దుతుంటే అతని తల వెనక బొప్పి ఒకటి హిల్కా చేతికి తగిలింది. తలకు దెబ్బ తగిలినా ఆ ప్రొటీన్ పెరుగుతుంది. అందుకే డాక్టరమ్మ మొదటిరోజే అడిగింది. తలకేమీ తగల్లేదని తౌనో గట్టిగా చెప్పాడు, స్కానులోనూ ఏమీ కనపడలేదు. బొప్పి తగిలినప్పటినుంచి హిల్కా మనసు మనసులో లేదు. ఇవాళ రక్తం తీయడానికి రాగానే అడిగేసింది.

"తల దేనికి కొట్టుకుంది తౌనో?"

"దేనికీ కొట్టుకోలేదు. నీ రక్తం నువ్వు తీసుకుని పో."

"మరి ఈ బొప్పి పుట్టుకతో వచ్చిందా?"

తౌనో కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నిచ్చెనకు తగిలింది. కొంచెంసేపు ఒళ్లు తెలియలేదు. స్పృహ తప్పిందని రాశారంటే తుపాకీ లైసెన్సు లాగేసుకుంటారు. నేను లేకుండా మావాళ్లు దుప్పి వేటకు ఎట్లా పోతారు?"

హిల్కాకు ఒళ్లు మండింది. "కాళ్లు కదలట్లేదు గానీ తుపాకీ మీద బెంగా? అడవికి దేక్కుంటూ పోతావా?"

"మావాళ్లు మోసుకెళ్లి కూర్చోబెడతారులే. గురి చూడ్డానికి కాళ్లెందుకు?"

అతనికి మిగిలిందల్లా అదొక్కటేనని అప్పుడు ఆమెకు అర్థమైంది. "తౌనో, నీ రక్తంలో ఆ ప్రొటీన్ పెరిగింది వెన్ను వల్లో తల వల్లో ఇక ఎవరూ తేల్చలేరు."

"అంటే నడుస్తానా?"

"తెలీదు. నాకూ తెలీదు, డాక్టరమ్మకూ తెలీదు."

ఆమె చేతిలో రక్తం గొట్టాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.

"ఆ డాక్టరమ్మను పిలువు. చెప్పేస్తాను."

"మరి తుపాకీ?"

"పోతే పోయింది. తెలీదన్నావు చూడు, నేను పడ్డప్పటినుంచి ఇంత మంచి మాట ఎవరూ అనలేదు."