నిండుకున్న ఇల్లు

మొన్న మా అమ్మాయి నన్ను జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకి తీసుకెళ్ళింది. రేట్ల కార్డు చూసి, "రెండు తీసుకుంటే ఏమన్నా తగ్గిస్తారా?" అని అడిగాను. కౌంటర్లో పిల్ల నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. దాని మొహం చూడలేక అటూ ఇటూ చూస్తుంటే మూలన ఒక టేకు స్తంభం కనపడింది. పైన వరసగా చెక్కిన చిలకలు, అందులో ఒకదానికి ముక్కు లేదు. ఆ ముక్కు విరిగింది నా కళ్ళ ముందే. నా పదో ఏట, మా మేనత్తగారింట్లో, మా అన్నయ్య విసిరిన బొంగరం తగిలి. ఆ సంగతి పక్క టేబుల్ వాళ్ళకి చెబుదామనుకున్నాను గానీ, బేరంతోనే సగం పరువు పోయింది, మిగతా సగం ఇంటికెళ్ళడానికి కావాలి కదా అని నోరు మూసుకున్నాను.

నేను పుట్టింది కిరాణా కొట్టు వెనక గదిలో. మా వీధి వీధంతా కొట్లే. బేరమాడకుండా ఏదైనా కొన్నానంటే ఆ వస్తువు ఇంటికొచ్చాక కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. మా ఆయన నాతో బజారుకొస్తే పదడుగులు వెనక, నాకేమీ కాని మనిషిలా నడిచేవారు. ఒకసారి యూసుఫ్‌గూడలో కొబ్బరికాయలవాడు, "ఆయనెవరమ్మా, ఇందాకట్నుంచీ మీ వెనకే వస్తున్నాడు" అని నన్ను హెచ్చరించాడు కూడా.

మా మేనత్త అత్తవారిది గుంటూరు వైపు పేరుమోసిన మిర్చి వ్యాపారం. రెండంతస్తుల మేడ, నడుమ వాకిలి, చుట్టూ చిలకల స్తంభాలు. పూటకి ముప్ఫై విస్తళ్ళు లేచేవి. ఆ వ్యాపారం మునిగింది. ఎందుకు మునిగిందంటే మా చుట్టాలందరిదీ ఒకటే మాట: దుబారా కోడలు కాలు పెట్టింది, మిర్చిలో వచ్చింది గరిటెలో పోయింది అని. సాక్షాత్తూ ఆవిడ తోడబుట్టిన మా నాన్న కూడా అదే అనేవాడు. నేను కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ చెప్పిన బుద్ధుల్లో మొదటిది, "మీ మేనత్తలా పెద్ద గరిటె పట్టకు." పట్టలేదు. మా ఇంట్లో కూర వడ్డించే చెంచా చూసి చుట్టాలు ఈ రోజుకీ నవ్వుకుంటారు.

తాళం పడి దుమ్ము కొట్టుకుపోతున్న ఆ మేడని ఎనభైల్లో ఒక సినిమా నిర్మాత కొన్నాడు. కొని ఊరుకోకుండా తలుపులు, స్తంభాలు, దూలాలు అన్నీ ఊడదీయించి లారీల్లో హైదరాబాదు తోలించాడు. అప్పట్లో ఫిలింనగర్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. ఆ రాళ్ళ మీద మేడని మళ్ళీ నిలబెట్టాడు. ఇక అక్కణ్ణించి ఏ సినిమా చూసినా మా అత్తయ్యగారిల్లే. అదే వాకిట్లో హీరోయిన్ పెళ్ళి, అదే వాకిట్లో హీరో తండ్రి గుండె పట్టుకుని పడిపోవడం. తొంభైల్లో దర్శకుల మోజు అద్దాల మేడల మీదికి మళ్ళాక, ఖాళీగా ఉంచడమెందుకని దాన్ని మ్యూజియం చేశారు. 'అలనాటి తెలుగింటి జీవితం' అని గేటు మీద బోర్డు. ఈమధ్య అదీ మూతపడి, స్తంభాలు కాఫీ షాపుల పాలయ్యాయి.

సరిగ్గా మ్యూజియం తెరిచిన రోజుల్లోనే అత్తయ్య వెంగళరావు నగర్‌లో మా ఇంటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఎన్నడూ ఏదీ అడగనిది, "ఆ ఇల్లు ఒకసారి చూపిస్తావటే" అంది. ఆటోవాడితో రానూ పోనూ మాట్లాడి తీసుకెళ్ళాను. గేటు దగ్గర టిక్కెట్లు అడిగారు. "లోపలున్న సామాను ఈవిడదే. ఈవిడ సామాను ఈవిడ చూసుకోడానికి టిక్కెట్టేమిటి?" అన్నాను. వాచ్‌మన్ నన్ను జాలిగా చూశాడు. "గట్లెట్ల అయితదమ్మా? లోపలికి పోయినోళ్ళందరికీ టిక్కెట్టే. సారు జెప్పిండు." పావుగంట వాదించాను. అత్తయ్య ఎండలో నిలబడలేక తనే రెండు టిక్కెట్లు కొనేసింది. నాకు ఒళ్ళు మండింది.

లోపలికి వెళ్ళాక మండడానికి ఇంకా చాలా ఉంది. పడగ్గదిలో ఆవకాయ జాడీలు, వంటింట్లో ఉయ్యాలబల్ల, దేవుడి గదిలో మిర్చి తూచే కాటా. మేనేజరు ఒకప్పుడు సినిమాలకి సెట్లు వేసినాయన. మద్రాసులో పుట్టి, అక్కడే చదువుకుని, పరిశ్రమతో పాటు ఇక్కడికి వచ్చిన తెలుగాయన. "వెలుతురు ఇటునుంచి పడుతుంది కదా మేడమ్, అందుకని ఉయ్యాల ఇక్కడ పెట్టాం" అన్నాడు. ఆరడుగుల కర్ర ఒకటి గోడకి ఆనించి 'ఇంటి యజమాని చేతికర్ర' అని చీటీ తగిలించారు. అది మడిబట్టలు దండెం మీద వేసే కర్ర. అత్తయ్య దాని పక్కన నిలబడి ఎగాదిగా చూసి, "మా మామగారు నా భుజం దాకా వచ్చేవారే, పాపం" అంది.

చివరికి సామాన్ల గది తలుపు దగ్గరికి వచ్చాం. దాన్ని బార్లా తెరిచిపెట్టి, లోపలి వైపు రాత చెరగకుండా అద్దం బిగించారు. ఆ అద్దం వెనక, మూటల మీద పేర్లు రాసే నల్లరంగుతో, గుండ్రటి అక్షరాలు: బియ్యం నిండుకున్నవి. కందిపప్పు నిండుకుంది. నెయ్యి నిండుకుంది. పక్కన బోర్డు: 'ఏయే సరుకులు నిండుగా ఉన్నాయో ఇల్లాలు స్వయంగా రాసి ఉంచిన జాబితా. ఆనాటి సిరిసంపదలకు నిదర్శనం.'

నాకు నవ్వాగలేదు. నవ్వుతూ తలుపంతా చదవసాగాను. పై వరసల మీద అడ్డగీతలు ఉన్నాయి. సరుకు రాగానే కొట్టేసినట్టున్నారు. కిందికి వచ్చేకొద్దీ గీతలు తగ్గాయి. అడుగున ఒక్కదానికీ గీత లేదు. కందిపప్పు నిండుకుంది, కందిపప్పు నిండుకుంది, కందిపప్పు నిండుకుంది. మూడోసారి రాసిన అక్షరాలు చాలా చిన్నవి. నా నవ్వు ఎప్పుడాగిందో నాకు తెలియదు.

"ఇది నీ రాతేనా అత్తయ్యా?"

"గుమాస్తా పొద్దున్నే ఈ తలుపు వెనక తగిలించిన కొట్టు తాళంచెవికి వచ్చేవాడు. చదువుకుని వెళ్ళి సరుకు పంపేవాడు. తర్వాత్తర్వాత చదువుకుని ఊరికే వెళ్ళిపోయేవాడు" అంది. "నోటితో అడిగితే మామగారికి వినపడుతుంది. గుండె జబ్బు మనిషి. వ్యాపారం పోయిందని ఆయనకి తెలియనివ్వకు అన్నారు మీ మామయ్య."

"మరి ముప్ఫై మందికీ ఏం పెట్టావు?"

"ముద్దపప్పు పప్పుచారైంది. పప్పుచారు ఉత్త చారైంది. చారు చిన్న గరిటెతో పోస్తే బయటపడిపోతుందే. గరిటె పెద్దదని అందరూ చూశారు, అందులో ఏముందో ఎవరూ చూడలేదు." ఏదో వంట విధానం చెబుతున్నట్టు చెప్పింది.

అంతే, నేను మేనేజరు మీద పడ్డాను. నలభై ఏళ్ళుగా ఈవిడని ఊరంతా ఆడిపోసుకుంటోంది, ఇంట్లో ఏమీ లేదని ఈవిడ చేతి రాతే చెబుతోంది, మీ బోర్డేమో ఇల్లంతా సరుకే అంటోంది, అంటే తగలేసింది ఈవిడేనని మీరూ అచ్చు వేయిస్తున్నట్టేగా అన్నాను. ఆయన అద్దం వైపు వేలు చూపించి, "నిండుకుంది అని స్పష్టంగా రాసుంది కదా మేడమ్" అన్నాడు.

"దీపం కొండెక్కిందంటే కొండమీదికెళ్ళి వెతుకుతారా? ఇంట్లో లేదు అనే మాట అనకూడదని నిండుకుంది అంటారండీ."

ఆయన నిజంగానే విస్తుపోయాడు. కానీ బోర్డు మార్చడానికి ఒప్పుకోలేదు. నిర్మాతగారు చూసి ముచ్చటపడ్డ వాక్యాలట. నేను బేరానికి దిగాను. బోర్డంతా మార్చాలన్నాను. కుదరదన్నాడు. పోనీ ఒక్క వాక్యం. కుదరదు. పోనీ ఒక్క మాట, 'నిండుగా ఉన్నాయో' తీసేసి 'అయిపోయాయో' అని పెట్టండి, అదే బోర్డు, అదే రంగు, రెండో వాక్యం కొట్టేస్తే మీకే రంగు కలిసొస్తుంది అన్నాను. నా చీరల బేరాలు, ఇంటి అద్దె బేరాలు అన్నీ దాని ముందు దిగదుడుపే. గంటకి ఆయన చెమట తుడుచుకుని, "సరే మేడమ్, రేపు పెయింటర్ని పిలిపిస్తాను" అన్నాడు.

గెలిచానని వెనక్కి తిరిగాను. అత్తయ్య పక్కనే, వంటింట్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉంది.

"వద్దులే బాబూ, అలాగే ఉంచండి" అంది ఆయనతో.

"నీకేమన్నా మతి పోయిందా అత్తయ్యా?"

"ఇల్లు నిండుగా ఉందనుకునే పోయారు మా మామగారు. ఆ మాట నిలబెట్టడానికే కదా అన్ని నీళ్ళు పోశాను. ఇప్పుడు ఆయన వాకిట్లోనే బోర్డు కట్టి కాదని రాయించమంటావా?"

"మరి నిన్నంటున్నారే?"

"నన్ననడం వాళ్ళకి అలవాటే. ఆ ఇంటిని ఖాళీ ఇల్లని ఇంకా ఎవరూ అనలేదు." లేచి చీర సర్దుకుంది. "ఆ కర్ర దగ్గర చీటీ మాత్రం తీసేయండి నాయనా. చూసినవాళ్ళు మా మామగారు తాటిచెట్టనుకుంటారు."

మేనేజరు బతుకుజీవుడా అనుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో నేను మొహం అటు తిప్పేసుకున్నాను. కుదిరిన బేరాన్ని కాలదన్నుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆవిడేమో శ్రీనగర్ కాలనీ మేడలు లెక్కపెట్టుకుంటూ హాయిగా కూర్చుంది. ఇంటికి రాగానే చుట్టాలందరికీ చెప్పేస్తానని బెదిరించాను. "చెప్పుకో, నిన్నెవరు నమ్ముతారు, సగం తగ్గించి వింటారు" అంది.

నిజమే. చెప్పాను, సగమే విన్నారు.

మరి నాలుగేళ్ళకి ఒక పొద్దున మా అన్నయ్య ఫోన్ చేసి, అత్తయ్యకి నూరేళ్ళూ నిండాయే అన్నాడు. ఆవిడకి అప్పటికి డెబ్బై ఎనిమిది. ఇరవై రెండేళ్ళు తక్కువ తూచి నూరని చెప్పడం కాలానికే చెల్లింది. జన్మలో మొదటిసారి నేను బేరమాడకుండా సరేనన్నాను.