సౌండు బోర్డు మీద శ్రీరామ

ఆంజనేయప్రసాద్ గారికి డెబ్భై ఆరేళ్లు. మిషిగన్‌లో ట్రాయ్ ఊళ్లో కాపురం. ఏ కాగితం మీద కలం పెట్టినా ముందు పైన "శ్రీరామ" అని రాసి, ఆ తరవాతే విషయంలోకి దిగుతారు. చిన్నప్పుడు ఊరి బళ్లో మాస్టారు ఆ మాట లేని పలకని ముట్టుకునేవారు కారు. లెక్క తప్పయితే దిద్దేవారు. శ్రీరామ లేకపోతే పలక వెనక్కి తోసేసేవారు. అలవాటు అలా స్థిరపడిపోయింది. సరుకుల చీటీ మీద శ్రీరామ, డాక్టరుకి చూపించే బీపీ పట్టీ మీద శ్రీరామ.

"ఆ నర్సు అది మొదటిరోజు రీడింగనుకుంటుందేమో చూసుకోండి" అని భార్య సరోజమ్మ ఏడిపించేది.

"రాముడి రీడింగు ఎప్పుడూ నార్మలేనే" అనేవారాయన.

ఆయనకి పోలిష్ భాష వచ్చు. కుర్రతనంలో స్కాలర్‌షిప్పు మీద పోలండు వెళ్లి, గనుల చదువు చదువుకున్నారు. తరవాత ఒక్కనాడూ గనిలోకి దిగకుండా ఇక్కడ కార్ల కంపెనీలో రిటైరయ్యారు కానీ, ఆ భాష మాత్రం ఊరికే పోలేదు. కంపెనీలో చేరిన మొదటి చలికాలం, మామూలు బూట్లతో మంచులో జారుతూ నడుస్తుంటే వెనకనుంచి ఎవరో పోలిష్‌లో గొణుక్కున్నారు: "ఈ మనిషి ఇవాళ కాలు విరగ్గొట్టుకుంటాడు." ఈయన వెనక్కి తిరిగి పోలిష్‌లోనే, "విరిగితే మోసేది మీరే" అన్నారు. ఆ గొణిగినాయన స్తాషెక్. మర్నాడు మంచు బూట్లొక జత తెచ్చి ఈయన బల్ల కింద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు. నలభై ఏళ్ల స్నేహం ఆ బూట్లతో మొదలయింది.

స్తాషెక్‌కి ఉద్యోగం కార్ల కంపెనీలో అయినా, ప్రాణం మాత్రం దగ్గర్లోని హామ్‌ట్రామిక్ ఊళ్లో పోలిష్ వాళ్ల నాటకాల హాల్లో ఉండేది. అక్కడి సౌండు బోర్డు తన చేత్తో కట్టిందే. వరసగా పదహారు మీటలు. పైకి తోస్తే ఒకటి గంట కొడుతుంది, ఒకటి ఉరుముతుంది, ఒకటి కోడిలా కూస్తుంది. మీటల కింద పేర్లన్నీ పోలిష్‌లో, స్తాషెక్ దస్తూరీలో.

ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి. బోర్డు నడపడానికి నోవై ఊళ్లో ఉండే ఇషాని పెట్టారు. ఆంజనేయప్రసాద్ గారి స్నేహితుడి కూతురే. సౌండు ఇంజినీరింగు చదివిన పిల్ల, దిట్ట. కానీ పోలిష్ ముక్క రాదు. హాలు కమిటీ పెద్ద ఇరేనా గారు ఖరాఖండీగా చెప్పేసింది. మీటలకి ఇంగ్లీషు పేర్లు పెట్టి, ఆదివారం నాటకం సజావుగా నడిస్తే బోర్డు ఉంటుంది. లేదూ, సోమవారం పొద్దున తుక్కు బండి వస్తుంది.

ఆ మాట చెప్పి స్తాషెక్ వంటింటి కుర్చీలో కూలబడితే, సరోజమ్మ వేడివేడి ఉప్మా పెట్టింది. ఆంజనేయప్రసాద్ గారు తెల్లకాగితం తీసి శ్రీరామ రాశారు.

"నేను ఇంగ్లీషు చేసిపెడతాను. ముందు ఉప్మా తిను" అన్నారు.

తీరా మొదలుపెడితే ఆయనకి వచ్చిన పోలిష్ గనులదీ, రొట్టెల కొట్టుదీ. నాటకాల సౌండుది కాదు. ఒక పేరు దగ్గర ఆగి, "పోగ్వోస్ అంటే ఏమిటి?" అని అడిగారు.

స్తాషెక్ ఆయన్ని గ్యారేజీలోకి తీసుకెళ్లి, కారు బయటపెట్టించి, తలుపు మూయించి, ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. "చప్పుడు అయిపోయాక మిగిలింది విన్నావా? అదీ."

ఆంజనేయప్రసాద్ గారు వచ్చి "చప్పుడు పోయాక మిగిలే చప్పుడు" అని రాసి, ఇషాకి ఫోన్ చేసి చదివారు.

"ఓ, రివర్బ్ అంకుల్!"

"ఒక్క ముక్కే?"

"అంతే అంకుల్. లేబుల్‌లో స్పేస్ లేదు, షార్ట్‌గా రాయండి ప్లీజ్."

తరవాతది నటులు తమ గొంతు తాము వినడానికి వేదిక మీద పెట్టే చిన్న స్పీకరు. దానికి ఈయన "నీ మాట నీకే" అని రాసుకుంటే, ఇషా "మానిటర్" అంది. ఉరుముకి మాత్రం ఎవరినీ అడగక్కర్లేకపోయింది. స్తాషెక్ సరోజమ్మ అప్పడాలు ఆరబెట్టే రేకు తీసుకుని దడదడలాడించాడు.

"ఉరుమో, పిడుగో, నా రేకు సొట్టపడితే నేనూరుకోను" అంది సరోజమ్మ తెలుగులో. స్తాషెక్ అర్థమైనట్టు రేకు తుడిచి మరీ ఇచ్చాడు.

శనివారం రిహార్సల్‌కి స్తాషెకే బోర్డు నడిపాడు. ఇషా పక్కన కూర్చుని చూసింది. ఆదివారం పొద్దున్నే ఆంజనేయప్రసాద్ గారు స్నానం, పూజ ముగించుకుని హాలుకి వెళ్లి, మీటకో గడి చొప్పున ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఉంచిన పొడుగాటి టేపు పట్టీని పాత పేర్ల మీద ఎడం చివరనుంచి అతికించారు. కుడివైపు ఒక గడి మిగిలి, బోర్డు పక్క చెక్క మీదికి వంగింది. టేపు సాగిందనుకున్నారు.

మధ్యాహ్నం హాలు నిండింది. మూడో వరసలో స్నేహితులిద్దరూ, మధ్యన సరోజమ్మ కూర్చున్నారు. నాటకం మొదలయే గంటకి ఇషా "బెల్లు" మీట తోసింది. గంట మోగలేదు. సగం మంది బయట మిఠాయిలు తింటూనే ఉన్నారు. తెర లేచింది. "స్టేజీ మైకు" తోసింది. అంతే, హాలంతా ఇరేనా గారి గొంతు మోగింది. ఆవిడే తెర పక్కన మైకు దగ్గర నుంచుని నటులకి మాటలందిస్తోంది మరి.

"ప్రియా, నా హృదయం నీదే... ఊఁ, అను! చేతులు జేబులోంచి తియ్యి, దుంపమొహమా!"

కథానాయకుడు చేతులు తీశాడు. జనం ఘొల్లుమన్నారు.

ఇషా కంగారుగా దాన్ని దించింది. కాసేపటికి తుపాను దృశ్యం వచ్చింది. "ఈ ప్రేమకి ఆకాశమే సాక్షి!" అని కథానాయకుడు చెయ్యెత్తాడు. ఇషా ఉరుము కోసం "థండర్" తోసింది. కోడి కూసింది.

సరోజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. స్తాషెక్ నవ్వలేదు. ముందుకి వంగి, "ప్రసాద్, కోడి ఉరుము పక్కది. అన్నీ ఒక గడి జరిగాయి" అన్నాడు. సోమవారం తుక్కు బండి అప్పుడే కళ్లముందు కనబడుతున్నట్టుంది.

ఒక గడి. ఆంజనేయప్రసాద్ గారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. పేర్లు పదహారే. పట్టీలో గడులు పదిహేడు.

విశ్రాంతికి తెర పడగానే ముగ్గురూ బోర్డు దగ్గరికి పరుగెత్తారు. మొదటి మీట కింద గుండ్రటి తెలుగు అక్షరాలతో శ్రీరామ.

"అమ్మా, ఇది మీట పేరు కాదే!"

"నాకు తెలుగు చదవడం రాదు కదా అంకుల్," ఇషా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అది ఏదో ఇంపార్టెంట్, టచ్ చెయ్యకూడదు అనుకున్నా."

"ఆ ముక్క చింపేసి మిగతాది జరుపు" అన్నాడు స్తాషెక్.

ఆంజనేయప్రసాద్ గారు గోరు దాని దాకా తీసుకెళ్లి ఆగిపోయారు. ఆ చెయ్యి ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. స్తాషెక్ ఆయన మొహం చూశాడు. వణికే వేళ్లతో పట్టీ కుడి చివర పట్టుకున్నాడు. మధ్యలో ఇషా, ఎడం చివర ఆంజనేయప్రసాద్ గారు. మొత్తం పట్టీ చినగకుండా ఊడదీసి, ఒక గడి ఎడమకి జరిపి, అద్దారు. శ్రీరామ బోర్డు వదిలి పక్క చెక్క మీదికి చేరింది. చివరి పేరు చివరి మీట కిందికి వచ్చింది.

ఇషా "బెల్లు" తోసింది. గంట ఖంగుమంది. మిఠాయి చేతుల్లోనే పెట్టుకుని జనం లోపలికొచ్చారు.

రెండో సగంలో వాన వానలా కురిసింది, చర్చి గంట పెళ్లికే మోగింది. చప్పట్లు ఆగాక ఇరేనా గారు బోర్డు దగ్గరికి వచ్చి నుంచుంది. స్తాషెక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మొదటి సగం నాశనం చేశారు. రెండో సగంలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు" అంది. "తుక్కు బండివాణ్ణి రావద్దంటాను." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "నా మాట... వెనక వరస దాకా వినబడిందా?"

"అక్షరం పొల్లుపోకుండా" అన్నాడు స్తాషెక్.

"ముప్పై ఏళ్లయింది చెప్పబట్టి. ఇవాళే విన్నారు" అని, జడ సర్దుకుని హుందాగా వెళ్లిపోయింది.

స్తాషెక్ టోపీ పెట్టుకోవడం మరిచిపోయి, ఇషాకి అయిదో మీట కాస్త బిగువని, తోసేటప్పుడు బతిమాలాలని చెప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఆంజనేయప్రసాద్ గారు సరుకుల చీటీ రాశారు. పైన శ్రీరామ. ఒక్క క్షణం ఆలోచించి, దాని కింద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశారు. ఆ గీత కింద కందిపప్పు.