యాదమ్మ చాయ్ మీద నేను వేసిన నింద

చదువు మనిషిని ఎంత వెర్రివాణ్ని చేస్తుందో చెబుతాను. నవ్వుకోండి, కానీ తాండూరు వెళ్తే నా పేరు మాత్రం ఎత్తకండి.

రోగాలు ఎందుకొస్తాయో లెక్కలు కట్టి తేల్చే చదువు అప్పుడే ముగించాను. వికారాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి, తాండూరులో దిగి, బండల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర జనం ఎందుకు దగ్గుతున్నారో కనుక్కోవడం నా పని. చేతిలో నలభై ప్రశ్నల ఫారం. ఇంట్లో మేకలెన్ని అనే ప్రశ్న కూడా అందులో ఉంది.

దగ్గేవాళ్లను కొందరిని, దగ్గనివాళ్లను కొందరిని అడిగి, అంతా కంప్యూటర్లో వేశాను. దగ్గేవాళ్లలో దాదాపు అందరూ ఫ్యాక్టరీల ముందు చాయ్ అమ్మే యాదమ్మ బండి దగ్గర అల్లం చాయ్ తాగేవాళ్లే! ఎంత ఎక్కువ చాయ్ తాగితే అంత ఎక్కువ దగ్గు. వయసును పక్కన పెట్టి చూశాను, బీడీని పక్కన పెట్టి చూశాను. చాయ్ మీది అనుమానం మాత్రం కదల్లేదు. ఆ సంబరం పట్టలేక, దగ్గుకు కారణం యాదమ్మ చాయేనని ముగ్గురు కూలీల చెవిన వేశాను.

మర్నాడు ఆ బండి దగ్గర ఈగ కూడా వాలలేదు. యాదమ్మ ఇల్లు నడిచేది ఆ బండి మీదే. నన్ను చూసి కోప్పడలేదు, కూర్చోమంది.

"దగ్గు ముందొచ్చిందా, చాయ్ ముందు తాగిండ్రా అని అడిగినవా సారూ?"

ఫారం తిరగేశాను. మేకలున్నాయి, ఆ ప్రశ్న లేదు.

"దగ్గొస్తెనే నా అల్లం చాయ్‌కి వస్తరు. దవఖానల అందరికి రోగాలే ఉంటయి. మరి దవఖాన బంద్ పెట్టిస్తవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులు తన బండి దగ్గరే కూర్చుని, అందరూ చూస్తుండగా చాయ్ తాగాలని శిక్ష వేసింది. తాగాను. మూడో రోజుకి జనం పోగయ్యారు. నా పని చూడటానికి మా ప్రొఫెసర్ గారు కూడా వచ్చారు. చాయ్‌లో ఏ దోషమూ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. దగ్గొచ్చింది. గ్లాసు ఒలికిపోయేంత దగ్గు.

జనం రెండడుగులు వెనక్కి వేశారు. ప్రొఫెసర్ గారు కొత్త ఫారం తీసి, రోజుకు ఎన్ని గ్లాసులు తాగావని అడిగారు.

యాదమ్మ భుజం మీది తువ్వాల తీసి నా నెత్తిన ఒక్క దులుపు దులిపింది. మూడు రోజుల బండల దుమ్ము తెల్లగా లేచి నేరుగా ప్రొఫెసర్ గారి ముక్కులోకి పోయింది. ఆయన వంగిపోయి దగ్గారు. యాదమ్మ ఆయన చేతిలో గ్లాసు పెట్టింది.

"ఇప్పుడు రాసుకో సారూ. దగ్గు ముందు, చాయ్ ఎనుక."

జనం పడీ పడీ నవ్వి, అక్కడే చాయ్ తాగారు. నేను ఆ రోజే తువ్వాల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఏది ముందో ఏది వెనకో అడగకుండా ఈ జన్మలో ఎవరి చాయ్ మీదా నింద వెయ్యను. ఫారంలో మేకలు పోయి ఆ ప్రశ్న వచ్చింది.