గంత ఎత్తి చూసినందుకు

ఢిల్లీలో డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీ అమ్మాయిల గోల్‌బాల్ జట్టులో ఆడేదాన్ని. చూపు లేనివాళ్ల ఆట అది. బంతిలో మువ్వలుంటాయి. ఆ చప్పుడు వచ్చే వైపు నేలమీద పడి బంతిని అడ్డుకోవాలి. నాకు అప్పట్లో కాస్త చూపుండేది. దీపాలు పసుపుపచ్చ మరకల్లా తెలిసేవి. నాలాంటివాళ్లు ఆ కాస్త చూపుతో గెలవకూడదని అందరి కళ్లకూ నల్ల గంతలు కట్టేవారు. ఆట మధ్యలో గంత ముట్టుకుంటే పెనాల్టీ.

గ్రేటర్ నోయిడాలో ఫైనల్. విరామంలో గంత తీస్తే అంతా చీకటి.

"కరెంటు పోయిందా మేడమ్?" అని కోచ్‌ని అడిగాను.

"నహీ బేటా, లైట్లన్నీ వెలుగుతున్నాయి. చలో, గంత కట్టుకో" అందావిడ.

మళ్లీ ఆట మొదలైంది కానీ నా మనసు ఆటలో లేదు. ఉండబట్టలేక గంత పైకెత్తాను. రిఫరీ ఈల వేశాడు. అవతలి జట్టు "చీటింగ్!" అని అరిచింది. పెనాల్టీ కాబట్టి గోల్ మొత్తం నేనొక్కదాన్నే కాయాలి. ఒక పక్కకు పడ్డాను. మువ్వలు రెండో పక్కనుంచి వెళ్లిపోయాయి. ఓడిపోయాం.

"అంత చూడాల్సిన అవసరం ఏమొచ్చింది యార్?" అని మా కెప్టెన్ రీతూ ఏడ్చింది.

ఆ చూపు మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఆనాటి స్నేహితురాళ్లు కలిస్తే, "ఫైనల్లో దొంగచాటుగా చూశావు కదా!" అని నవ్వుతారు. ఆ మాట నిజమైతే ఎంత బాగుండేదో!